రెండు రూపాయల మాత్రకు అసలు ఖర్చు ఎంత?

పాత రాజిందర్ నగర్‌లో నేను రాసుకునే నెల ఖర్చుల పుస్తకంలో ఏడాదిన్నర క్రితం ఒక కొత్త పద్దు చేరింది. గది అద్దె, మెస్, టెస్ట్ సిరీస్, ప్రింటవుట్లు, మెట్రో కార్డు, వీటన్నిటి కింద 'థైరాయిడ్'. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 11.8 వచ్చింది. మామూలుగా అది నాలుగైదు దాటకూడదు. డాక్టర్ గారు 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ రాసి, "బహుశా జీవితాంతం వేసుకోవాలమ్మా" అన్నారు.

జీవితాంతం అనే మాట విన్నాక ఏ ఖర్చూ చిన్నదిగా కనిపించదు. శ్రీకాకుళం నుంచి నాన్న పంపే డబ్బుతో నడిచే బతుకు నాది. ప్రతి రూపాయినీ ముందు 12తో, తర్వాత ఏళ్లతో గుణించుకుంటాం. అమ్మకు ఫోన్‌లో ఈ లెక్కలు చెబితే నవ్వింది. "మాత్ర రెండు రూపాయలే గదేటే, దానికి ఇన్ని లెక్కలేటి?" అంది.

అమ్మ అన్నది నిజమే. ఈ మందు మన దేశంలో ఖరీదైనది కాదు. దుకాణంలో పేరున్న కంపెనీల 50 మైక్రోగ్రాముల మాత్ర రెండు రూపాయల అటూ ఇటూగా వస్తుంది. అయినా చాలామంది దీన్ని మధ్యలో మానేస్తున్నారు. ఇంత చౌక మందును మనుషులు ఎందుకు మానేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే జీఎస్-2లో ఆరోగ్యం, జీఎస్-3లో ధరల నియంత్రణ, జీఎస్-4లో ఒక మంచి కేస్ స్టడీ దొరికాయి. అందుకే ఈ వ్యాసం.

ముందుగా జబ్బు గురించి నాలుగు మాటలు

థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోన్ తయారు చేయకపోవడమే హైపోథైరాయిడిజం. అలసట, నిద్రమత్తు, బరువు పెరగడం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, చదివిన పేజీ మళ్లీ చదవాల్సి రావడం దీని లక్షణాలు. ఆస్పిరెంట్ల మధ్య ఇది దాక్కోవడం చాలా తేలిక. ఇక్కడ అలసిపోనివారు ఎవరు? చుట్టూ ఉన్నవాళ్లు బద్ధకం అంటారు, కొంచెం చదువుకున్నవాళ్లు బర్న్‌అవుట్ అంటారు. రక్తపరీక్ష మాత్రమే తేల్చి చెబుతుంది.

ఢిల్లీ, హైదరాబాద్ సహా 8 నగరాల్లో 5 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. వారిలో దాదాపు 11 శాతం మందిలో ఈ సమస్య కనిపించింది. స్త్రీలలో మరింత ఎక్కువ. అంటే ఇది ఎక్కడో ఎవరికో వచ్చే అరుదైన జబ్బు కాదు.

నా ముందున్న దారులు

మందు రాయించుకున్న తర్వాత తోటివాళ్లు, సీనియర్లు, ఇంటర్నెట్ కలిసి నా ముందు చాలా దారులు పెట్టారు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, పేరున్న బ్రాండ్. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ లాంటివి ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. ఉన్నవాటిలో ధర కొంచెం ఎక్కువ, తిరుగుడు తక్కువ.

రెండవది, జన ఔషధి కేంద్రం. ఈ పథకంలో ధర నిర్ణయానికి ఒక సూత్రం ఉంది. ఒక మందుకు మార్కెట్‌లో ముందున్న మూడు బ్రాండ్ల సగటు ధర తీసుకుని, అందులో గరిష్ఠంగా 50 శాతానికే అమ్మాలి. 2008లో అమృత్‌సర్‌లో మొదటి దుకాణంతో మొదలైన ఈ పథకం 2023 నవంబర్‌లో దేవ్‌ఘర్ ఎయిమ్స్‌లో 10 వేలవ కేంద్రం తెరిచింది. ప్రిలిమ్స్‌కు ఒక మాట: దీన్ని నడిపేది ఆరోగ్య శాఖ కాదు, రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ కింద ఉన్న ఫార్మాస్యూటికల్స్ విభాగం.

మూడవది, ప్రభుత్వ ఆసుపత్రి. డాక్టర్, పరీక్ష, మందు మూడూ ఉచితం, లేదా ఉచితమంత.

నాలుగవది, టీ3 కలిపిన చికిత్స. లెవోథైరాక్సిన్ అంటే టీ4. శరీరం దాన్ని తనకు కావలసినట్టు టీ3గా మార్చుకుంటుంది. గ్రంథి అసలే పని చేయని మనుషుల్లోనూ ఈ మార్పు జరుగుతుందని 1970లో అమెరికా పరిశోధకులు చూపించారు. టీ4 మాత్ర ఒక్కటే చాలు అనే నేటి పద్ధతికి అది పెద్ద ఆధారం. టీ3ని విడిగా కలిపి ఇస్తే ఇంకా హుషారుగా ఉంటుందని 1999లో ఒక చిన్న అధ్యయనం ఆశ కలిగించింది. 2006లో 11 అధ్యయనాలను కలిపి చూస్తే, టీ4 ఒక్కటే వాడినవారికీ రెండూ వాడినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికి వారం పడుతుంది, టీ3కి ఒక రోజు చాలు. అందుకే టీ3 అయితే రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవాల్సి వస్తుంది. ధర ఎక్కువ, నిఘా ఎక్కువ. నేను కరోల్ బాగ్‌లో అడిగిన షాపుల్లో అది లేనే లేదు.

అయిదవది, జంతువుల థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన పొడి. 'సహజమైనది' అన్న పేరుతో దీనికి ఇంటర్నెట్‌లో మంచి ప్రచారం ఉంది. చరిత్రలో దీనికి గౌరవమైన చోటే ఉంది. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ మర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ సారంతో ఒక రోగికి చికిత్స చేస్తే, ఆమె మరో 28 ఏళ్లు బతికింది. కానీ ఆ తర్వాత 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను విడదీశాడు, 1927లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు కొలిచి వేసుకోగల మందు రెండు రూపాయలకు దొరుకుతోంది. అలాంటప్పుడు పొడిని విదేశం నుంచి తెప్పించుకోవడం అన్ని లెక్కల్లోనూ నష్టమే. సొంత వాడకానికి తెప్పించుకోవాలన్నా ఔషధాల నియమావళి ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

కాబట్టి నాలుగూ అయిదూ కొట్టేశాను. మిగిలినవి మూడు. ఆ మూడింట్లోనూ మందు ఒకటే, లెవోథైరాక్సిన్. తేడా అది చేతికి వచ్చే దారిలోనే.

నోట్‌బుక్‌లో లెక్క

రోజుకు ఒక మాత్ర, మాత్ర రెండు రూపాయలు. ఏడాదికి 730 రూపాయలు. జన ఔషధిలో సగం అనుకుంటే 365. ఇక్కడితో ఆపితే జన ఔషధి గెలిచినట్టే.

కానీ మాత్ర ఒంటరిగా రాదు. డోసు సరిపోయిందో లేదో చూడటానికి టీఎస్‌హెచ్ పరీక్ష కావాలి. ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్కోసారి 400 అనుకుని, ఏడాదికి రెండుసార్లు చేయిస్తే 800. ప్రైవేటు డాక్టర్‌ను రెండుసార్లు కలిస్తే, ఒక్కో కన్సల్టేషన్ వెయ్యి చొప్పున 2,000. మొత్తం 730, 800, 2,000 కలిపితే 3,530 రూపాయలు.

అందులో మాత్రల వాటా అయిదో వంతు మాత్రమే. మాత్ర ధరను సగానికి తగ్గించినా మొత్తం ఖర్చు 3,165కి వస్తుంది. తగ్గింది 10 శాతం. మందు ధర 50 శాతం తగ్గిందన్న వార్తకూ, రోగి ఖర్చు 10 శాతం తగ్గిందన్న నిజానికీ మధ్య ఉన్న దూరం ఇది. మెయిన్స్ జవాబులో ఈ తేడా చూపించగలిగితే ఎగ్జామినర్ పెన్ను ఒక్క క్షణం ఆగుతుందని నా నమ్మకం.

ఇంకో మెలిక ఉంది. లెవోథైరాక్సిన్‌లో అవసరమైన మోతాదుకూ, ఎక్కువైపోయే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. అమెరికా ఔషధ సంస్థ 2007లో దీని నిబంధనలు బిగించింది. గడువు ముగిసేదాకా మాత్రలో మందు రాసినదానికి 95 నుంచి 105 శాతం మధ్య ఉండాలంది. అంత సున్నితం కాబట్టే, "ఏ కంపెనీదైనా వేసుకో, కానీ ఒకటే వేసుకో. మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించు" అని డాక్టర్ గారు చెప్పారు. ఒక పరీక్ష 400. ఏడాదంతా జన ఔషధిలో మిగిలేది 365. అంటే మారిన మొదటి ఏడాది లాభం ఆ ఒక్క పరీక్షకే పోతుంది. రెండో ఏడాది నుంచే మిగులు. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల అక్కడ, ఏది చౌకైతే అది కొనుక్కుంటూ పోతే పొదుపు కాగితం మీదే ఉంటుంది.

ఇది జనరిక్‌ల మీద అనుమానం కాదు. 2022లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంలో, ఒక కంపెనీ జనరిక్ నుంచి మరో కంపెనీ జనరిక్‌కు మారినవారిలోనూ, మారనివారిలోనూ టీఎస్‌హెచ్ దాదాపు ఒకేలా ఉంది. భయపడాల్సిన పని లేదు, చూసుకోవాల్సిన పని ఉంది. నేను జన ఔషధికి మారాను. ఎనిమిది వారాల తర్వాత పరీక్షలో టీఎస్‌హెచ్ 3.1 వచ్చింది. అప్పటినుంచి అదే వేసుకుంటున్నాను. ఆ కేంద్రంలో ఒక్కోసారి స్టాక్ ఉండదు కాబట్టి రెండు నెలలకు సరిపడా ముందే తెచ్చి పెట్టుకుంటాను.

డబ్బు లెక్కలోకి రాని ఖర్చులు ఇంకొన్ని ఉన్నాయి. మాత్ర పరగడుపున వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ, టిఫిన్ ఏదీ వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకునేవాళ్లు నాలుగు గంటల ఎడం పాటించాలి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపర్‌తో రోజు మొదలుపెట్టే మనకు ఇది చిన్న త్యాగమేమీ కాదు. ఢిల్లీ ఎండ మరో సమస్య. ఈ మందు వేడికీ, తేమకూ, వెలుతురుకూ పాడవుతుంది. మే నెలలో 45 డిగ్రీలు కాసినప్పుడు పై అంతస్తు గదిలో కిటికీ గట్టు మీద పెట్టిన మాత్రలకు బిల్లులో ధర మారదు, లోపల బలం మారుతుంది. అల్మరా కింది అరలో, దాని సొంత ప్యాకింగ్‌లోనే ఉంచుకోవడం మేలు.

ఆంటీ లెక్క

ఇక మూడో దారి, ఉచిత వైద్యం. నాకు దీని అసలు ధర చెప్పింది మా పీజీలో వంట చేసే ఆంటీ. ఆవిడ ఆనంద్ పర్బత్ వైపు నుంచి వస్తుంది. మా పీజీ కాక మరో మూడు ఇళ్లలో పని. నా మాత్రల సీసా చూసి, "ఇదే నాకూ రాశారు బేటా" అంది. ఇప్పుడు వేసుకుంటున్నారా అని అడిగితే లేదంది. మూడు నెలలుగా మానేసింది. కాళ్లు వాచాయి, గొంతు బొంగురుపోయింది. మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడుతోంది.

డబ్బు లేక మానేశారా అని అడిగాను. "డబ్బెందుకు, ఉచితమే కదా" అంది. ప్రభుత్వ ఆసుపత్రిలో నెలకు సరిపడా మాత్రలు ఇస్తారు. అయిపోయాక మళ్లీ వెళ్లాలి. వెళితే పొద్దున చీటీ లైను, తర్వాత డాక్టర్ లైను, చివర మందుల లైను. మధ్యాహ్నం దాటేది. ఆ రోజు నాలుగు ఇళ్లలో పని పోయినట్టే. రెండు ఇళ్లవాళ్లు జీతం కోశారు, ఒకరు వేరే మనిషిని చూసుకుంటామన్నారు. ఒకసారి అంత లైనూ నిలబడితే మందు లేదు, బయట కొనుక్కోమన్నారు. ఆ తర్వాత ఆవిడ వెళ్లలేదు.

ఆవిడ లెక్క కూడా నోట్‌బుక్‌లో వేశాను. ఒక రోజు పని పోతే 400 రూపాయలు నష్టం అనుకుందాం. ఏడాదికి 12 సార్లు వెళ్లాలి. 4,800 రూపాయలు. నేను ప్రైవేటు డాక్టర్, ప్రైవేటు ల్యాబ్, బ్రాండ్ మందు అన్నీ కలిపి పెట్టే 3,530 కన్నా ఎక్కువ. మా వీధిలో థైరాయిడ్‌కు అందరికన్నా ఎక్కువ ఖర్చు పెడుతున్న మనిషి, ఉచితంగా మందు తెచ్చుకునే మనిషే.

ఎకనామిక్స్ ఆప్షనల్ వాళ్లు దీన్ని అవకాశ వ్యయం అంటారు. మిగతావాళ్లకు మామూలు మాటల్లో చెప్పాలంటే, పేదవాడి సమయానికి ఖరీదు లేదనుకుని నడిపే వ్యవస్థ ఇది.

తర్వాత జరిగింది చిన్న విషయమే. ఆవిడ అదే ఆసుపత్రికి మళ్లీ వెళ్లి, పరీక్ష చేయించుకుని, డోసు స్థిరపడ్డాక డాక్టర్‌ను అడిగి మూడు నెలలకు చీటీ రాయించుకుంది. మాత్రలు జన ఔషధిలో సొంత డబ్బుతో కొంటోంది, నేను సరుకుకు వెళ్లినప్పుడు ఆవిడవి కూడా తెస్తాను. ఆసుపత్రికి పరీక్ష కోసం ఆరు నెలలకోసారి వెళితే చాలన్నారు. ఉచితం వదులుకుని డబ్బు పెట్టి కొనడం ఆవిడకు చౌక పడింది. సంక్షేమం గురించి ఎన్ని నోట్స్ రాసుకున్నా ఈ ఒక్క వాక్యం నేర్పినంత అవి నాకు నేర్పలేదు.

ధర ఎవరు నిర్ణయిస్తారు?

మాత్ర రెండు రూపాయల దగ్గర ఉండటం దానంతట అది జరిగిన అదృష్టం కాదు. లెవోథైరాక్సిన్ జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. 2022లో సవరించిన ఈ జాబితాలో 384 మందులున్నాయి. జాబితాలో ఉన్న మందులకు, 1997లో ఏర్పడిన జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. చట్టపరమైన ఆధారం 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం, దాని కింద వచ్చిన 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు.

1995 ఉత్తర్వులో తయారీ ఖర్చు ఆధారంగా ధర కట్టేవారు. 2013 నుంచి మార్కెట్ ఆధారంగా కడుతున్నారు. మార్కెట్‌లో కనీసం 1 శాతం వాటా ఉన్న అన్ని బ్రాండ్ల ధరల సాధారణ సగటు తీసుకుని, దానికి చిల్లర వ్యాపారి లాభం 16 శాతం కలుపుతారు. ఏటా టోకు ధరల సూచీని బట్టి సవరిస్తారు. 2022లో ఈ సవరణ 10 శాతం దాటింది, 2023లో 12 శాతం దాటింది. విమర్శ కూడా తెలుసుకోవాలి: సగటు మార్కెట్ ధర నుంచే వస్తుంది కాబట్టి, మార్కెట్ ధరే ఎక్కువగా ఉంటే పైకప్పు కూడా ఎత్తులోనే ఉంటుంది.

ఈ పైకప్పు లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. అక్కడ బ్రాండ్ పేరుతో అమ్మే మందులకు ధర నియంత్రణ ఉంది. జనరిక్‌లకు పోటీ చాలని వదిలేశారు. టీ3 మాత్ర అమ్మే కంపెనీ 2007లో బ్రాండ్ పేరు తీసేసి నియంత్రణ నుంచి బయటపడింది. పోటీకి మరొకరు లేరు. 2009లో 20 పౌండ్లున్న ప్యాకెట్ 2017కి 248 పౌండ్లయింది. 2006లో ఈ మందుకు ఏడాదికి 6 లక్షల పౌండ్లు ఖర్చు పెట్టిన అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, 2016కి 3 కోట్ల పౌండ్లకు పైగా పెట్టాల్సి వచ్చింది. కొందరు రోగులకు ఈ మందు ఇవ్వడమే ఆగిపోయింది. చివరకు 2021 జులైలో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ ఆ కంపెనీకీ, దాని పాత యజమానులకూ కలిపి 10 కోట్ల పౌండ్లకు మించిన జరిమానా వేసింది. మన ఉత్తర్వులో గరిష్ఠ ధర బ్రాండ్‌కూ జనరిక్‌కూ ఒకటే. జాబితాలో ఉన్న మందుకు ఆ ఎత్తుగడ మన దగ్గర పారదు.

జీఎస్-4 కోసం ఒక కేస్

1987లో అమెరికాలో బెట్టీ డాంగ్ అనే ఫార్మసీ ప్రొఫెసర్‌కు ఒక కంపెనీ పరిశోధన అప్పగించింది. అప్పట్లో మార్కెట్‌ను ఏలుతున్న సింథ్రాయిడ్ అనే లెవోథైరాక్సిన్ బ్రాండ్‌నూ, చౌక మందులనూ పోల్చి చూడాలి. 1990కి ఫలితం వచ్చింది: అన్నీ సమానమే. డబ్బు పెట్టిన కంపెనీ ఆశించింది ఇది కాదు. వ్యాసం జామా పత్రికలో 1995 జనవరిలో రావాల్సింది. కంపెనీ అనుమతి లేకుండా ప్రచురించకూడదన్న షరతు ఒప్పందంలో ఉంది. దావా భయం వచ్చింది, విశ్వవిద్యాలయం అండగా నిలబడలేదు, ఆమె వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చివరకు 1997 ఏప్రిల్‌లో అచ్చయింది. అందరూ చౌక మందుకు మారితే అమెరికాలో ఏడాదికి 35 కోట్ల 60 లక్షల డాలర్లు మిగులుతాయని అందులో అంచనా వేశారు. అంటే నిజం ఆలస్యమైన ప్రతి ఏడాదికీ ఒక బిల్లు ఉంది. కట్టింది రోగులు.

ఇందులో ప్రయోజనాల సంఘర్షణ, పరిశోధకురాలి మనస్సాక్షి, సంస్థ బాధ్యత, ఒప్పందానికీ ప్రజాహితానికీ మధ్య పోటీ అన్నీ ఉన్నాయి. విజిల్‌బ్లోయింగ్ ప్రశ్నకు ఎప్పుడూ రాసే ఉదాహరణల కన్నా ఇది కొత్తగా ఉంటుంది.

మా ఊరి పెద్దాయన చెప్పే పాఠం

మా శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఇదే ఢిల్లీలో ఎయిమ్స్ డైరెక్టర్‌గా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేశారు. 1956లో ఆయన బృందం హిమాచల్‌లోని కాంగ్రా లోయలో పని మొదలుపెట్టింది. అక్కడ అయోడిన్ లోపంతో గాయిటర్ విపరీతంగా ఉండేది. లోయను భాగాలుగా విడదీసి, కొన్నింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. అయోడిన్ ఉప్పు అందినచోట గాయిటర్ స్పష్టంగా తగ్గింది. 1962లో మొదలై, 1992లో అయోడిన్ లోప వ్యాధుల నియంత్రణ కార్యక్రమంగా పేరు మారిన జాతీయ కార్యక్రమానికి ఈ పని గట్టి పునాది.

ఇప్పుడు నగరాల్లో నాలాంటివాళ్లకు వస్తున్న హైపోథైరాయిడిజం చాలావరకు అయోడిన్ లోపం వల్ల కాదు, శరీరమే తన గ్రంథి మీద దాడి చేయడం వల్ల. దానికి ఉప్పు మందు కాదు. అయినా కాంగ్రా నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఉప్పు ఇంటికి దానంతట అదే వస్తుంది. దానికోసం ఎవరూ పని మానుకుని లైన్లో నిలబడరు. మాత్ర కోసం మనిషి వెళ్లాలి. ప్రతి నెలా, జీవితాంతం. పథకం గీసేవాళ్లు మందు ధర ఎంత అనడమే కాక, దాని కోసం మనిషి ఎన్నిసార్లు గడప దాటాలి అని కూడా అడగాలి.

జవాబులో వాడుకోవడానికి

మన దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో ప్రజలు జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4 శాతానికి తగ్గింది. ఇది మంచి మార్పు, రాయండి. దాని పక్కనే, ఆంటీ పోగొట్టుకున్న కూలి ఈ 39.4లో లేదని కూడా రాయండి. జాతీయ ఆరోగ్య లెక్కల్లో పోయిన కూలిని లెక్కించరు.

ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ ఆసుపత్రిలో చేరినవారికి. రోజూ మాత్ర వేసుకుంటూ ఇంట్లోనే ఉండే రోగికి ఆ కార్డు మందు కొనిపెట్టదు. దీర్ఘకాలిక జబ్బుల భారం ఎక్కువగా ఔట్ పేషెంట్ వైపే ఉంటుంది.

పరిష్కారాలు కూడా పెద్దవి కానక్కర్లేదు. డోసు స్థిరంగా ఉన్న రోగికి ఒకేసారి మూడు నెలల మందు ఇస్తే ఆంటీ ప్రయాణాలు 12 నుంచి 4కి తగ్గుతాయి, నష్టం 4,800 నుంచి 1,600కి. కోవిడ్ కాలంలో హెచ్‌ఐవీ మందులను ఇలా కొన్ని నెలలకు ఒకేసారి ఇచ్చారు కాబట్టి ఇది చేయలేని పని కాదు. సాయంత్రం ఓపీ, ఇంటి దగ్గర కేంద్రంలోనే రక్తనమూనా తీసుకోవడం, జన ఔషధిలో స్టాక్ ఉందో లేదో ముందే తెలియడం, ఇవన్నీ మాత్ర ధర పైసా తగ్గించకుండానే చికిత్సను చౌక చేస్తాయి. రాజ్యాంగం వైపు నుంచి 21వ అధికరణం కింద ఆరోగ్య హక్కు, 47వ అధికరణం, పశ్చిమ బంగా ఖేత్ మజ్దూర్ సమితి కేసులో 1996 తీర్పు గుర్తుపెట్టుకోండి.

చివరగా, మీలో ఎవరికైనా ఈ లక్షణాలుంటే ముందు పరీక్ష చేయించుకోండి. మందు వేసుకుంటున్నవాళ్లు నా లెక్కలు చూసి కంపెనీ గానీ డోసు గానీ సొంతంగా మార్చవద్దు, డాక్టర్‌ను అడగండి. బాగానే ఉంది కదా అని ఆపవద్దు. బాగున్నది మాత్ర వల్లే.

ఈ వారం రాయాల్సిన ప్రశ్న, 15 మార్కులు, 250 పదాలు: "మందుల ధర తగ్గించినంత మాత్రాన వైద్యం అందుబాటులోకి వచ్చినట్టు కాదు. దీర్ఘకాలిక వ్యాధుల చికిత్స నేపథ్యంలో చర్చించండి." రాసే ముందు మీ ఇంట్లో రోజూ మాత్ర వేసుకునే ఒకరికి ఫోన్ చేసి, ఆ మాత్ర వాళ్ల చేతికి ఎలా వస్తోందో అడగండి. జవాబుకు మొదటి పేరా అక్కడే దొరుకుతుంది.